ఆలస్యమైన ఆమెన్

ఆ బంతిని కోసింది దేవుని మందిరం మీద ఆసక్తితోనా, నా సొంత కోపంతోనా? ఇరవై ఆరేళ్ళుగా ఈ సందేహం నన్ను వదలలేదు.

అప్పట్లో ఒక ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఆరాధన జరుగుతుంటే, పిల్లలు ఆడుకునే ఫుట్‌బాల్ కిటికీలోంచి వచ్చి ద్రాక్షరసం గిన్నెను పడేసింది. సంఘపెద్దను నేనే. బంతి లాక్కుని, పన్నెండేళ్ళ ఫ్రెడ్డీతో, "నూటపంతొమ్మిదో కీర్తన అప్పజెప్పు, అప్పుడిస్తా" అన్నాను. నూటడెబ్బై ఆరు వచనాలు, వాడికెక్కడ వస్తుందిలే అనుకున్నాను. ఇంటికెళ్ళినా కోపం చల్లారలేదు. కొడవలితో బంతిని చీల్చేశాను. రెండు నెలలకు వాడొచ్చి ఒక్క మాట తప్పకుండా అప్పజెప్పాడు. "చూద్దాంలేరా" అని పంపేశాను. వాడు మళ్ళీ అడగలేదు. వాళ్ళమ్మ ఫ్లోరా రొయ్యల షెడ్డులో తలకాయలు తీసి కొనిచ్చిన బంతి అది.

ఫ్రెడ్డీ స్కాట్లండు వెళ్ళి చేపల ఫ్యాక్టరీలో కూలికి చేరాడు, తర్వాత సొంతంగా రొయ్యల వ్యాపారం పెట్టాడు. రెండేళ్ళ కిందట, మూతపడబోతున్న, అక్కడ తానుండే ఊరి ఫుట్‌బాల్ క్లబ్బును కొన్నాడు. రొయ్యలమ్మేవాడికి ఫుట్‌బాలేమిటని అక్కడివాళ్ళు నవ్వారట.

ఈ నెలలో ఫ్లోరా చనిపోయింది. ఆమె జ్ఞాపకార్థం ఆదరణ కూడిక శనివారం సాయంత్రం కోవూరులో వాళ్ళింట్లోనే పెట్టాం. అదే వేళకు క్లబ్బుకు సీజన్లో ఆఖరి మ్యాచ్ అని మాకు తెలియదు.

"ఓడితే కింది లీగుకు పడిపోతాం పెద్దయ్యా. ఇంక నేను నడపలేను. అరవై మందికి పని పోతాది" అన్నాడు ఫ్రెడ్డీ, కూడికకు ముందు.

"మరి రోజు మార్చమని చెప్పకపోయినావా?"

"అమ్మది కదా."

పక్కింటాయన, పేరు సమాధానం, నవ్వాడు. "నువ్వు ప్రార్థన పొట్టిగా చెయ్ జ్ఞానప్రకాశమన్నా. పోయినసారి నీ ఆమెన్ వచ్చేలోగా బిర్యానీ చల్లారిపోయింది."

ముగింపు ప్రార్థనకు నేను లేచేసరికి ఫ్రెడ్డీ చెల్లెలు ఏంజెలిన్ ఫోను పట్టుకుని వరండాలోంచి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"ఒకటి ఒకటి అన్నా. ఆఖరి నిమిషం. వాళ్ళకు పెనాల్టీ ఇచ్చినారు."

అది గోలైతే అంతా అయిపోయినట్టే.

"ఫోను మూసెయ్. ప్రార్థన" అన్నాడు ఫ్రెడ్డీ.

అందరం కళ్ళు మూసుకున్నాం. ఆమెన్ దాకా ఎవరూ తెరవరు. ఫ్లోరా కోసం స్తుతులు చెల్లించాను. తర్వాత ఏమడగాలి? బంతి లోపలికి పోకూడదని అడగాలా? కొట్టేవాడికీ తల్లి ఉంటుంది, ఆమె కూడా ఈ నిమిషంలో మోకాళ్ళ మీదే ఉందేమో.

ఆమెన్ అంటే కబురు తెలిసిపోతుంది. అందుకే అనలేకపోయాను. పెన్నలో నీళ్ళ కోసం, కొడవలూరు వరిచేల కోసం, జిల్లా అధికారుల కోసం ప్రార్థించాను. సమాధానం రెండుసార్లు దగ్గాడు. ఫ్రెడ్డీ ఊపిరి మాత్రం నా పక్కనే బరువుగా వినిపిస్తోంది. ఒక్కసారి కూడా వాడు కదలలేదు. నేనొక పిరికివాడిని, వాడి చీకటిని ఇంకా సాగదీస్తున్నాను.

"ప్రభువా, ఈ బిడ్డ బంతిని నేనే చీల్చాను. కీర్తన అప్పజెప్పినా ఇవ్వలేదు. అది ఆ తల్లి రెక్కల కష్టం. క్షమించు. ఆమెన్."

ఏంజెలిన్ కళ్ళు తెరిచింది. ఫోను రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది.

"ఆపినాడు! కీపర్ ఆపినాడన్నా! ఒకటి ఒకటితోనే అయిపోయింది!"

ఫ్రెడ్డీ అమ్మ ఫోటో ముందు కూలబడి ముఖం కప్పుకున్నాడు. అవతలి తల్లికి దేవుడేం చెప్పాడో నాకు తెలియదు.

జనం భోజనాలకు లేచాక, మూడు రోజులుగా సంచిలో మోస్తున్న కొత్త బంతిని బయటికి తీసి ఫ్రెడ్డీ చేతికిచ్చాను.

"నువ్వు చీల్చినావని నాకప్పుడే తెలుసు పెద్దయ్యా. మీ గడ్డివామి పక్కన ముక్కలు చూసినా."

"మరి కీర్తన ఎందుకు అప్పజెప్పినావురా?"

"అమ్మ పొమ్మనింది."

వాడు బంతిని బొటనవేలితో నొక్కి చూశాడు.

"గాలి తక్కువుండాది" అని చంకలో పెట్టుకున్నాడు.