నంబరు దాచిన మేనేజరు

సెబూ నగరంలో మంచినీళ్ల ఫిల్టర్లు అమ్మే ఆఫీసులో కస్టమర్లకు ఫోన్లు చేయడం లీసెల్ పని. ఆ ఆఫీసు నంబరు కనిపిస్తే చాలు, ఊళ్లో జనం ఫోనెత్తడం మానేశారు. దాంతో మేనేజరు క్రిసాంటో బుర్రకు పదును పెట్టి, అక్కణ్ణుంచి వెళ్లే ఏ కాల్‌కీ నంబరు కనపడకుండా చేయించాడు.

"ముఖం దాచుకున్నవాళ్లతో ఎవరు మాట్లాడతారు సర్?" అంది లీసెల్.

"నీకు వ్యాపారం తెలీదులే," అన్నాడు.

ఒక మధ్యాహ్నం యజమానురాలు మేడమ్ ప్యూరా చెప్పాపెట్టకుండా దిగి, మేనేజరేడని అడిగింది.

"కస్టమర్ని కలవడానికి వెళ్లారు మేడమ్," అంది లీసెల్, ఆయన చెప్పమన్నట్టే.

ఆవిడ ఆఫీసు ఫోను స్పీకర్లో పెట్టి అతనికి చేసింది. రెండుసార్లు కట్ చేశాడు. మూడోసారి ఎత్తి విరుచుకుపడ్డాడు.

"ఎవడ్రా నువ్వు? నంబరు చూపించే దమ్ము లేని దొంగవెధవా! ఇక్కడ పందెం మాంచి ఊపు మీదుంటే..."

వెనకాల పుంజులు కూశాయి. జనం ఈలలేశారు. లీసెల్ పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

"నంబరు బాగానే దాచావు నాయనా," అంది మేడమ్ ప్యూరా. "ఆ కోళ్లని కూడా దాచాల్సింది."

మర్నాటి నుంచి క్రిసాంటో లీసెల్ పక్క కుర్చీలో కూర్చుని ఫోన్లు చేస్తున్నాడు. ఎవరూ ఎత్తడం లేదు.