హద్దు ఏదీ?

ఆ రోజు ఇమాస్ గణితం డాక్టరేట్ మౌఖిక పరీక్ష. బాండుంగ్‌లో పొద్దుటి నుంచీ ఒకటే వాన. వాళ్లమ్మ పరీక్షకుల కోసం పంపిన, అరిటాకులో చుట్టిన లెంపర్ అన్నం ముద్దలు బల్ల మీద ఉన్నాయి. ఇమాస్ గైడుని నేను. అప్పటికే రెండు లాగించాను.

యోగ్యకర్త నుంచి వచ్చిన పరీక్షకురాలు సులాస్త్రి మేడమ్ కళ్లజోడు సర్దుకుంది.

"ఏమ్మా, మీ సార్ సిద్ధాంతం వాడితే ఈ అధ్యాయం అరపేజీలో తేలిపోయేది. నలభై పేజీలు సాగదీశావేం? గైడు రాసిందే చదవని పిల్లకి నేనెలా సంతకం పెట్టేది?"

నాకూ ఒళ్లు మండింది. ఏడాదిగా నేను మొత్తుకుంటున్నది ఇదే. "బుర్ర అద్దెకిచ్చావా?" అని సెమినార్‌లో నలుగురి ముందూ దులిపేశాను కూడా.

ఇమాస్ తల వంచుకుంది. "నా తెలివితక్కువతనమే మేడమ్. సార్ సిద్ధాంతం నాకు సరిగ్గా అర్థం కాలేదు."

"అయితే ఇంకో ఆరు నెలలు చదువుకుని రా."

ఆరు నెలలా! గరుత్ కాలేజీలో ఆమె కోసం ఆపి ఉంచిన ఉద్యోగం అప్పటిదాకా ఆగదు.

"ఇందులో అర్థం కానిదేముంది, నేను చూపిస్తా," అని విసురుగా లేచి, నల్లబల్ల మీద నా నిరూపణ మొదలుపెట్టాను. మూడో వరుసలో లిమిట్‌ని ఇంటిగ్రల్ లోపలికి తోశాను. అలా తోసేముందు ఫంక్షన్లన్నిటికీ కలిపి ఒక హద్దు చూపించాలి; లేకపోతే నిరూపణ చెల్లదు. పిల్లలెవరైనా అది మర్చిపోతే, "హద్దు ఏదీ?" అంటూ సుద్దముక్క విసిరేది నేనే.

నా చెయ్యి ఆగిపోయింది. పైనా కిందా వెతికాను. ఎప్పుడో అచ్చయి, నా పేరుతో చెలామణీ అవుతున్న ఆ సిద్ధాంతంలో హద్దు లేనే లేదు.

వెనక్కి తిరిగాను. ఇమాస్ నేల చూపులు చూస్తోంది.

"నీకు ముందే తెలుసా?"

"రెండో ఏడాదిలోనే చూశాను సార్. చెబుదామనే వచ్చాను. మీరు కోపంగా ఉన్నారు... అందుకే మీ సిద్ధాంతం వాడకుండా చుట్టు తిరిగి వెళ్లాను."

ఛీ, నా బతుకు! సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"మేడమ్, నా సిద్ధాంతమే తప్పు. ఆ నలభై పేజీలే సరైన దారి," అన్నాను.

ఆవిడ నల్లబల్ల కేసి చూసి సంతకం పెట్టింది.

అందరూ వెళ్లాక ఇమాస్ నా దగ్గరికొచ్చింది.

"క్షమించండి సార్. నా మూలంగా అందరి ముందూ మీకు తలవంపులయ్యాయి," అంటూ, ఎప్పటిలాగే గౌరవంగా నా చేతిని నుదుటికి ఆనించుకోవడానికి వంగింది.

సుద్ద అంటిన ఆ చెయ్యి ఆమెకి ఇవ్వడానికి నాకు మొహం చెల్లలేదు. వెనక్కి దాచుకున్నాను.