నిప్పుకి ఆకలైనంతే

"ఆవిడా? నాకు అన్నం తెచ్చిపెడుతుంది, అంతే" అన్నాడు ఐతరాం, పొగను కొలిచే యంత్రంతో ఖాట్మండు నుంచి వచ్చిన ఇంజనీరమ్మతో.

భక్తపూర్ ఇటుక బట్టీ కప్పు మీద, కాళ్ళు కాలకుండా చెక్క చెప్పులు వేసుకుని, వేడి వేడి ఢిండో సంకటి గిన్నెతో నిలబడ్డ అతని భార్య సానుమాయకు ఆ మాట వినబడింది. మూడు శీతాకాలాలుగా ఈ నిప్పును కాసింది ఎవరు? పొగ తగ్గేలా ఇటుకల్ని మెలికలుగా పేర్చే కొత్త పద్ధతి వచ్చినా, ఐతరాం పాత అలవాటు కొద్దీ పారలకు పారలు బొగ్గు కుమ్మరించేవాడు. పొగగొట్టం నల్లగా కక్కేది. "పొయ్యిలో కట్టెలన్నీ ఒక్కసారే కుక్కుతామా? నిప్పుకి ఆకలైనంతే పెట్టాలయ్యా" అంటే, "వంటింటి తెలివి ఇక్కడ చూపించకే" అని కసిరాడు. మోకాళ్ళ నొప్పులతో అతను కూలబడ్డాకే ఆ పని ఆమెకు దక్కింది. బొగ్గు మెత్తగా దంచి, కప్పు మీది ఒక్కో రంధ్రంలో చిన్న గరిటెడు చొప్పున వేసేది. కిందికి దిగితే నీళ్ళు మోయడం, వంట, అతని కాళ్ళకు నూనె పట్టించడం. పొగ తెల్లబడింది, బొగ్గు మూడో వంతు మిగిలింది. యజమాని ఐతరాం భుజం తట్టి "మొనగాడివిరా!" అన్నప్పుడు అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడాన్ని ఆమె క్షమించింది. ఈ మాటను మాత్రం ఎలా మింగాలో తెలియలేదు.

"మిగతా బట్టీల వాళ్ళకి మీరే నేర్పాలన్నా. బొగ్గు ఎప్పుడు వెయ్యాలో ఎలా తెలుస్తుంది?" అడిగింది ఇంజనీరమ్మ.

ఐతరాం భార్య వైపు చూశాడు. ఎప్పటిలాగే చెవిలో జవాబు అందిస్తుందనుకున్నాడు.

సానుమాయ గిన్నెను అతని చేతిలో పెట్టి, ముందుకొచ్చి రంధ్రం మూత ఎత్తింది. "లోపల పసుపుగా ఉంటే ఆగాలి. ఎర్రబడుతుంటే కొంచెం వెయ్యాలి" అంది, అందరికీ వినబడేలా.

"ఎవరు నేర్పారక్కా నీకు?"

"మా పాప. కింద గుడిసెలో పడుకుని దగ్గేది. పైన ఈయన ఎన్ని పారలు వేస్తే దగ్గు ఎక్కువయ్యేదో లెక్కపెడుతూ కూర్చునేదాన్ని."

ఐతరాం తల దించుకున్నాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"నా మాట చెల్లేసరికి పాప లేదు" అంది.