గీకని మూల

పురావస్తు తవ్వకంలో అది ఆఖరి రోజు. రేపు పొద్దున్నే యంత్రం వచ్చి గుంటలన్నీ పూడ్చేస్తుంది. ఆ పై వారం రైతు గోధుమ చల్లుకుంటాడు. మూడు వారాలుగా ఇంగ్లండులోని ఆ సఫోక్ ఇసుక నేలలో మోకాళ్ళ మీద పాకుతున్న పదిమందికీ ఇక ఇళ్ళకు పోవచ్చన్న హుషారు వచ్చేసింది. డెబ్భై నాలుగేళ్ళ బెరిల్ మాత్రం పొద్దుట్నుంచీ గుంట అవతలి సగం వంకే చూస్తోంది.

ఎప్పుడో పదిహేను వందల ఏళ్ళ కిందట సాక్సన్లనే పాత తెగవాళ్ళు ఆ పొలంలో కాపురమున్నారు. గుంట తవ్వుకుని, దాని మీద చెక్కలూ గడ్డీ కప్పుకున్న గుడిసెలు వాళ్ళవి. ఇప్పుడు మిగిలినవల్లా గుంజలు పాతిన చోట నల్లటి మచ్చలూ, మగ్గం దారాలకు బరువు కోసం కట్టిన మట్టి బిళ్ళలూ, తిని పారేసిన ఎముకలూ. ఇలాంటి గుంట దొరికితే సగమే తవ్వి, తక్కిన సగం తర్వాత వచ్చేవాళ్ళకి వదిలేయడం తవ్వేవాళ్ళ పద్ధతి. మూడో గుడిసె తూర్పు సగాన్ని 1971లో తవ్వి పూడ్చేశారు. ఈసారి పడమటి సగం తవ్వారు.

ఆ తూర్పు సగం తవ్వింది బెరిలే, తన ఇరవై ఒకటో ఏట.

"ఇదిగో, చూడు బెరిల్," అన్నాడు పక్కన తవ్వుతున్న నార్మన్. పోస్ట్‌మన్‌గా రిటైరయ్యాడు, నోరు మాత్రం ఇంకా రిటైరవలేదు. చేతిలో చిల్లు గారెలాంటి మట్టి బిళ్ళ ఉంది. "మా ఇంట్లో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటే ఎంత బాగుంటుందో!"

"పెట్టుకో. రేపు పేపర్లో నీ ఫొటో వేస్తారు."

"మంచి ఫొటో ఇంటి నుంచి తెచ్చిస్తాలే."

ఎవరికి ఏది దొరికినా పళ్ళెంలో వేసి, నంబరు వేసి, అప్పజెప్పాల్సిందే. పూస ముక్క కూడా కనిపెట్టినవాళ్ళది కాదు. అంత కచ్చితమైన నియమం అది. నార్మన్ నిట్టూర్చి బిళ్ళను పళ్ళెంలో పెట్టాడు.

బెరిల్ నవ్వలేదు. లేచి, మోకాళ్ళు దులుపుకుని, తవ్వకం నడిపే టామ్సిన్ దగ్గరికి వెళ్ళింది.

"ఆ పాత సగంలో మట్టి తీస్తానమ్మా. నాలుగింటికల్లా అయిపోతుంది."

టామ్సిన్ కాగితాల్లోంచి తలెత్తలేదు. "అక్కడేముంటుంది బెరిల్ గారూ? అప్పుడే అంతా చూసేశారు కదా. రిపోర్టులో అచ్చయింది కూడా. 'అడుగు పూర్తిగా శుభ్రపరచడమైనది. ఏమీ లభించలేదు.'"

ఆ రెండు వాక్యాలూ బెరిల్‌కి కంఠతా వచ్చు. యాభై మూడేళ్ళుగా మోస్తోంది వాటిని.

చేతిలోని తాపీ కింద పెట్టింది. తర్వాత అనేసింది. "అది అబద్ధమమ్మా. పూడ్చే ముందు అడుగంతా తాపీతో గీకి చూడాలి కదా, ఆగ్నేయ మూల నేను గీకలేదు."

టామ్సిన్ ఇప్పుడు తలెత్తింది.

"గీకానని చెప్పి మట్టి పోసేశాను. ఆ సాయంత్రం పబ్బులో అందరం కలుస్తున్నాం. తలస్నానం చేసి, కొత్త గౌను వేసుకోవాలని తొందర. చిన్నతనం."

టామ్సిన్ మందలిస్తుందనుకుంది. తవ్వేవాళ్ళలో ఇంతకన్నా తప్పు పని లేదు మరి. టామ్సిన్ ఆమె మొహం చూసి, "నాలుగింటి వరకే," అంది.

పాత మట్టి వదులుగా ఉంది, త్వరగా వచ్చేస్తోంది. బెరిల్ బకెట్ల మీద బకెట్లు నింపుతుంటే నార్మన్ మోసి పారబోశాడు, నడుం పట్టేసిందని ప్రతి బకెట్‌కీ ఒకసారి గుర్తు చేస్తూ.

టామ్సిన్‌కి చెప్పనిది ఇంకొంచెం ఉంది. ఆ కొత్త గౌను ఒక్కడి కోసం. అప్పుడు ఆ గుంట పని చూసేవాడు లియోనెల్. పొడుగ్గా, ఎండకి కమిలిన మెడతో, ఎప్పుడూ చెవి వెనక పెన్సిల్‌తో ఉండేవాడు. ఆ వేసవంతా ఇద్దరూ ఒక్క ఫ్లాస్కులో టీ తాగారు, అంతకు మించి ఒక్క మాట అనుకోలేదు. ఆఖరి రోజు పొద్దున, "మూలలు మర్చిపోకు," అన్నాడు. సాయంత్రం పబ్బు గుమ్మంలోనే ఎదురొచ్చి అడిగాడు.

"మూలలన్నీ గీకావా?"

"గీకాను."

"ఏమైనా కనిపించిందా?"

"ఏమీ లేదు. ఉత్త మట్టే."

అతని మొహం వాడిపోయింది. గౌను వంక చూడనైనా చూడలేదు. మర్నాడు మొదటి బస్సెక్కి వెళ్ళిపోయాడు. తర్వాత సిరియాలో తవ్వకాలకి పోయాడన్నారు. ఏదో మంచి వస్తువు అక్కడుందని అతనికి తెలుసనీ, తన అబద్ధం కనిపెట్టి అసహ్యించుకున్నాడనీ బెరిల్ అనుకుంది. తర్వాత పెళ్ళి చేసుకుంది. భర్త మంచివాడు, పోయాడు. రెండేళ్ళ కిందట తవ్వకాల సంఘం పత్రికలో లియోనెల్ చనిపోయాడని నాలుగు వాక్యాలు వేశారు. ఆ పత్రిక పట్టుకుని, ఎప్పుడో పోగొట్టుకున్న మనిషి కోసం ఈ వయసులో ఇంత ఏడుపేమిటని తనని తనే తిట్టుకుంటూ ఏడ్చింది. తను వదిలేసినదేమిటో తెలిస్తే చాలనుకుని ఈ తవ్వకంలో పేరిచ్చింది.

మూడున్నరకి ఆగ్నేయ మూల బయటపడింది. తాపీ అంచుతో పలచగా గీకింది. వేలి మందం కూడా తీయలేదు, రాగి రంగు తగిలింది.

రెండు పెన్నీల నాణెం. 1971. ఆ ఏడే కొత్తగా వచ్చిన నాణెం. పూడ్చే ముందు ఆ ఏటి నాణెం ఒకటి అడుగున ఉంచడం అలవాటే, తర్వాతి వాళ్ళకి ఎవరెప్పుడు తవ్వారో తెలియాలని. కానీ దీని కింద ఒక తెల్లటి ప్లాస్టిక్ చీటీ కూడా ఉంది. మట్టి పొరల్లో గుచ్చి వివరాలు రాసుకునే రకం. బెరిల్ బొటనవేలితో తుడిచింది. పెన్సిల్ రాత ఎక్కడా చెరగలేదు.

'చోటు: ఆగ్నేయ మూల. దొరికినది: లియోనెల్. పరిస్థితి: పూర్తిగా లొంగిపోయినది. ఈ ఒక్కటీ కనిపెట్టినవాళ్ళే ఉంచేసుకోవచ్చు. ఉంచుకుంటావా? సాయంత్రం చెప్పు.'

రెండోసారి చదివింది. ఆమె గీకుతుందనే అతను వాటిని అక్కడ దాచాడు. ఆ గుమ్మంలో అతను అడిగింది సాక్సన్ల వస్తువు గురించి కాదు. ఆమె చెప్పింది మాత్రం, ఏమీ లేదు, ఉత్త మట్టే అని. అతను దాన్ని జవాబుగా తీసుకుని బస్సెక్కాడు. తల తడుపుకోవడానికి పోకుండా ఇంకో ఐదు నిమిషాలు ఇక్కడే కూర్చుని ఉంటే! అలా ఉన్న చోటే కూలబడి, నిన్న మొన్న పోయినవాడి కోసం ఏడ్చినట్టు ఏడ్చింది. నార్మన్ ఖాళీ బకెట్‌తో వచ్చి, చూసి, జోకేమీ వెయ్యకుండా వెనక్కి తిరిగాడు.

కాసేపటికి టామ్సిన్ గుంట అంచుకి వచ్చి నిలబడింది. చేతిలో వస్తువులు వేసే సంచీ ఉంది.

"ఏమైనా కనిపించిందా బెరిల్ గారూ?"

బెరిల్ తలెత్తింది. మొహం మీద మట్టీ కన్నీళ్ళూ కలిసి చారలు కట్టాయి.

"కనిపించింది," అంది.

చీటీ పైకి అందించింది. టామ్సిన్ చదివి, సంచీ మడిచి జేబులో పెట్టుకుంది. చీటీ బెరిల్ చేతికే తిరిగిచ్చింది.

"నంబరు వెయ్యవా తల్లీ?"

"కనిపెట్టినవాళ్ళదేనని రాసుంది కదా."

బెరిల్ చీటీని చొక్కా జేబులో పెట్టి గుండీ పెట్టుకుంది. తర్వాత తాపీ తీసుకుని మళ్ళీ మోకాళ్ళ మీదకి వంగింది. ఇంకా పావుగంట టైముంది. ఆ మూలంతా, ఒక్క అంగుళం వదలకుండా, శుభ్రంగా గీకింది.