అమెరికా ఆటకు మేనత్త లెక్క

మహిధర్‌కు ఫుట్‌బాల్ ఆడటం రాదు. చూడటం కూడా అంతంతమాత్రమే. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది అనుకునేరు, ఇది అమెరికావాళ్ళది, బంతిని చంకలో ఇరికించుకుని ఒకరి మీద ఒకరు పడేది. రగ్బీ అంటే ప్రాణం పెట్టే న్యూజీలాండ్‌లో కాపురముంటూ, ఆక్లండ్ శివారు పాపకూరలో ఇంటి వెనకే రగ్బీ మైదానం ఉండగా, సముద్రాల అవతలి ఆటను పట్టుకుని వేలాడటమేమిటని అడిగినవాళ్ళందరికీ అతను ఒకటే జవాబు చెప్పేవాడు.

"నాకు ఆటతోని పని లేదన్నా. ఎవరు ఎవర్ని ఎంచుకుంటరో, గదే నాకు కావాలె."

ఆ ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఏటా ఒకసారి అక్కడి టీములన్నీ చేరి, కాలేజీల్లో ఆడే కుర్రాళ్ళను వంతులవారీగా ఏరుకుంటాయి. అందరికంటే చిత్తుగా ఓడిన టీముకు మొదటి వంతు. ఎవరి వంతుకు ఏ కుర్రాడు పోతాడో ముందే చెప్పడం అక్కడ పెద్ద పిచ్చి. కుర్రాళ్ళ పరుగు, ఎత్తు, ఆఖరికి అరచేతి వెడల్పు కూడా కొలిచి, కంప్యూటర్లకెక్కించి జోస్యాలు చెబుతారు. మహిధర్ అవేవీ ముట్టుకోడు. అతనిది మేనత్త లెక్క.

మేనత్త పుష్పలత జగిత్యాలలో సంబంధాలు కుదిర్చేది. జాతకాలు చూడటం ఆమెకు రాదు, నోరే ఆమె పెట్టుబడి. ఏ పిల్ల ఏ ఇంటికి పోతుందో పెళ్ళిచూపులకు ముందే చెప్పేసేది, చాలాసార్లు అలాగే జరిగేది. "పిల్లను సూడకురా, పిల్లగాణ్ణి సూడకు. ఆ ఇంట్ల ఏం తక్కువుందో సూడు. అత్తకు మోకాళ్ళనొప్పులున్న ఇంటికి అందగత్తె పోదు, పనిమంతురాలు పోతది" అనేది. చిన్నప్పుడు ఆమె పక్కన చాప మీద కూర్చుని బఠానీలు నములుతూ విన్న ఈ మాటల్నే మహిధర్ పట్టుకొచ్చి అమెరికా టీములకు అంటగట్టాడు. ఏ కోచ్‌కు ఉద్యోగం ఊడే భయం పట్టుకుంది, ఏ యజమాని జనం తిట్లకు వేగలేకపోతున్నాడు, ఏ టీములో బంతి విసిరేవాడికి భుజం పోయింది, ఇవి చదువుకుని చెప్పేవాడు. నవ్వొచ్చే సంగతేమిటంటే, అవి నిజమయ్యేవి. ఆ పిచ్చివాళ్ళంతా ఇంటర్నెట్‌లో చేరే చోట అతను 'పాపకూర' అనే పేరుతో రాసేవాడు. డ్రాఫ్ట్ దగ్గరపడితే ముక్కూమొహం తెలియని అమెరికన్లు పాపకూర ఏమన్నాడని వెతుక్కునేవారు. అది మనిషి పేరే అనుకున్నారు పాపం.

వెర్రి వేయి విధాలు, అందులో ఇదొకటి అని ఊరుకోవచ్చు. కానీ ఈ పెద్దమనిషి అదే లెక్కను సొంత కాపురానికి కూడా వేశాడు.

న్యూజీలాండ్‌లో ఉండిపోవాలన్నా ఒక రకం డ్రాఫ్టే. వయసుకిన్ని, చదువుకిన్ని, ఉద్యోగానికిన్ని అని పాయింట్లుంటాయి. గీత దాటినవాళ్ళను గుంపులోంచి ఏరి, మీరు దరఖాస్తు పెట్టుకోండి అని పిలుస్తారు. గోదాములో సూపర్‌వైజర్‌గా చేస్తున్న మహిధర్, రెండు వేల పదహారులో ఆ గీతకు కాస్త కిందే ఉన్నాడు. ఇంకొన్ని నెలల అనుభవం కలిస్తే దాటుతాడు. అప్పుడే క్రైస్ట్‌చర్చ్ నుంచి కిషన్‌రావు ఫోన్ చేశాడు. ఆయన మహిధర్ భార్య మనస్విని వాళ్ళ ఊరాయన, భూకంపం తర్వాత అక్కడ మొదలైన కట్టుబడి పనులకు సామాను సరఫరా చేస్తాడు. ఆఫీసులో మనిషి కావాలి, ఆక్లండ్ బయట ఉద్యోగమైతే అదనంగా పాయింట్లొస్తాయి, బయలుదేరి రమ్మన్నాడు. మనస్విని ఆ పూటే సూట్‌కేసు దింపింది.

మహిధర్ మాత్రం కదల్లేదు. "ఈ దేశంల మనుషులే తక్కువ మనూ. ఇండ్లు కట్టేటోళ్ళు లేరు, ముసలోళ్ళను చూసేటోళ్ళు లేరు. తక్కువున్న ఇల్లు గడప ఎత్తు పెంచుకోదు. గా చలిల పోయి ఎందుకు చావాలె?" అన్నాడు.

అక్టోబరులో పాయింట్ల గీత పైకి జరిపారు, గడప ఎత్తు పెరిగింది. మహిధర్ నెత్తి మీదుగా పెరిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కిషన్‌రావుకు ఫోన్ చేస్తే, ఆ ఉద్యోగం ఎవరికో ఇచ్చేశామన్నాడు.

ఇప్పుడు మళ్ళీ ఏప్రిల్, డ్రాఫ్ట్ నెల. ఇక్కడి చలికాలం నడిమధ్యలో, అంటే జూలైలో, వీసా అయిపోతుంది. కిషన్‌రావు ఆఫీసులో మళ్ళీ ఒక ఖాళీ వచ్చింది. దానికి మహిధర్ ఒకడు, అక్కడి కుర్రాడొకడు. శుక్రవారం మధ్యాహ్నంలోగా పార్ట్‌నర్‌తో మాట్లాడి చెబుతానన్నాడు కిషన్‌రావు. అమెరికాలో గురువారం రాత్రి జరిగే డ్రాఫ్ట్ ఇక్కడ శుక్రవారం మధ్యాహ్నమే వస్తుంది. ఇక ఆ ఉద్యోగం వస్తే ఉంటారు, లేకపోతే ఎనిమిదేళ్ళ కాపురం మూటగట్టుకుని పోతారు. మూడో దారి లేదు.

మహిధర్ సెలవు పెట్టి టీవీ ముందు కూర్చున్నాడు. ఫోన్ తొడ మీద పెట్టుకున్నాడు. బయట ముసురు. మనస్విని ముసలివాళ్ళను చూసుకునే రెస్ట్ హోమ్‌లో సాయంత్రం డ్యూటీకి వేసుకునే యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది.

"ఏమైతదంటవ్?" అంది, టీవీ వైపు చూడకుండా.

"ఏమైతది, నన్నే తీసుకుంటరు. కిషన్‌రావన్న దగ్గర సరుకు లెక్క చూసేటోడు లేక నెలనెలా లొల్లి అయితుందట. తక్కువ గదే. నేను చేసే పని గదే. గా పిల్లగాడు అమ్ముడు పని చేసినోడు, వానితోని ఏం గావాలె?"

"మంచిది" అంది మనస్విని. ఆ మాటలో ఆశా లేదు, వెటకారమూ లేదు. మహిధర్‌కు అది వినపడలేదు. అతని కళ్ళు తెరమీదున్నాయి.

మొదటి వంతులు అతను చెప్పినట్టే పోయాయి. ఇంటర్నెట్‌లో మెచ్చుకోళ్ళు మొదలయ్యాయి. తర్వాత వంతు మంచు కురిసే ఓ ఊరి టీముది. ఇది అతని అసలు జోస్యం. బంతి విసిరేవాడు ముసలివాడైపోయాడు, కోచ్ పదవి ఊడేలా ఉంది, ఇక విసిరేవాణ్ణి తీసుకోక చస్తారా? అందరూ కాదన్నా మహిధర్ నెల రోజులుగా అదే మాట మీదున్నాడు. కిషన్‌రావు సంగతీ ఇదీ ఒకటేనని, ఇది నిజమైతే అదీ నిజమవుతుందని లోలోపల ముడిపెట్టుకుని కూర్చున్నాడు.

వేదిక మీదికి కోటు వేసుకున్న పెద్దమనిషి వచ్చాడు. కుర్రాడి పేరు చెప్పలేదు. ఈ టీము ఎవర్నీ ఎంచుకోకుండా తన వంతును వేరే టీముకు ఇచ్చేసింది అని చెప్పాడు. జనం ఓ అని అరిచారు.

మహిధర్ నోరు తెరుచుకుని చూస్తుండగానే ఫోన్ మోగింది.

"తమ్మీ, ఏమనుకోకు" అన్నాడు కిషన్‌రావు. "నిన్ను కాదని ఇంకొకర్ని తీసుకోలే. అసలు ఎవర్నీ తీసుకుంటలేం. పార్ట్‌నర్ గా పనంత బయటి కంపెనీకి ఇచ్చేసిండు. నాకూ పొద్దున్నే తెల్సింది. పోయినసారే వస్తే అయిపోతుండె గదా తమ్మీ."

మహిధర్ "సరే అన్నా" అన్నాడు. ఆరోగ్యం ఎట్లుంది అని కూడా అడిగాడు. ఫోన్ పెట్టేశాక మేనత్త గుర్తొచ్చింది. ఇంట్లో ఏం తక్కువుందో చూడమని చెప్పాక ఆమె ఇంకో మాట కూడా అనేది. "దానికంటె ముందుగాల ఇంకోటి సూడాలె బిడ్డా. అసలు వాళ్ళకు చేసుకునే మనసుందా లేదా? కొందరు ఉత్తగ ఉప్మా తిని పోనీకె వస్తరు." ఉప్మా మాటకు పడీపడీ నవ్వేవాడు. నవ్వు గుర్తుండి, మాట మరిచిపోయాడు. తక్కువ ఉన్నంత మాత్రాన పిలవాలని ఎక్కడుంది? ఇన్నేళ్ళూ ఊరందరి సంబంధాలూ చెప్పిన తెలివి ఇదా అని అతనికి సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ రానివ్వలేదు.

మనస్విని ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది.

"ఎవర్నీ తీసుకుంటలేరట" అన్నాడు.

"ఊఁ. నాకెర్కే."

"నీకెట్ల ఎర్కైంది?"

"పోయినేడు పోదాం అంటే నువ్వు లేవలే చూడు, గా రోజే ఎర్కైంది మహీ. మనకు ఇక్కడ అయితలేదు అని."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే ఏం చేస్తుంటివి? ఇంకో లెక్క చెప్తుంటివి" అంది. కోపంగా అనలేదు, అలిసిపోయినట్టు అంది. "ఊరందరికి శకునం చెప్పిన బల్లి కుడితిల పడ్డదంట. మా అమ్మమ్మ అంటుండె. నవ్వుకునేటోళ్ళం."

అతను కిటికీ వైపు తిరిగాడు. ఏటా చలి మొదలవగానే కరివేపాకు కుండీని లోపలికి తెచ్చి ఆ కిటికీ దగ్గరే పెట్టేవారు. రాత్రి హీటర్ తమ గదిలో ఆపేసి అయినా దాన్ని వెచ్చగా ఉంచేది మనస్విని. ఇక్కడ దొరకని మొక్క, బతకని మొక్క. మోకాలెత్తు చేయడానికి ఆమెకు ఆరేళ్ళు పట్టింది. ఇప్పుడక్కడ గుండ్రటి మట్టి మరక ఒక్కటే ఉంది.

"మొక్కేది?"

"పక్కింటి కృష్ణవేణి ఆంటీకి ఇచ్చేసిన, పోయిన ఆదివారం. చలి ముదరకముందే కొత్త ఇంటికి అలవాటు పడాలె గద. లేకుంటే చస్తది."

ఆదివారం నుంచి ఆ ఖాళీ ముందే తిరుగుతూ అన్నం తిన్నాడు, అతనికి కనపడలేదు. ఇంట్లో ఏం తక్కువుందో చూడటంలో ఘనుడు మరి.

మనస్విని యూనిఫాం చేతి మీద వేసుకుని, వెళ్ళబోతూ టీవీ ముందు ఆగింది. ఎప్పుడూ చూడనిది, చూసింది. తెరమీద కొండలా ఉన్న కుర్రాడొకడు తల్లి భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. తల్లి అతని వీపు నిమురుతోంది. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతున్నారు.

"గా పిల్లగాడు ఎందుకేడుస్తుండు?"

మహిధర్‌కు ఆ కుర్రాడి సంగతంతా తెలుసు. వాడి ఊరు, వాడి కాలేజీ, ఏ టీముకు పోతాడో కూడా నెల ముందే చెప్పాడు. అవేవీ నోటికి రాలేదు.

"రమ్మన్నరు గద" అన్నాడు.

మనస్విని ఇంకాసేపు నిలబడి చూసి, డ్యూటీకి టైమవుతోందని లోపలికెళ్ళింది.