తూకానికి రానిది

టీ కాచే మనిషి కోసి, చీపురుతో లారీ కాటా పళ్లెం ఊడ్చి, తట్ట చంకన పెట్టుకుని కిందికి దిగింది. క్యాబిన్‌లో ఎర్ర అంకెలు సున్నా దగ్గర ఆగాలి. ఇరవై కిలోల దగ్గర ఆగాయి. కాటా గుమాస్తా భూషణం కిటికీలోంచి చెయ్యి చాపి వెనక మూల చూపించాడు. లారీ టైర్లు మోసుకొచ్చిన తడి ఎర్రమట్టి అక్కడ గడ్డకట్టి ఉంది. ఆమె మళ్లీ ఎక్కి, పారతో గీకి అవతల పోసింది. దిగింది. సున్నా.

అప్పుడు గాని అతను పుస్తకం తెరవడు.

తోంగ్‌పాల్ ఊరు దాటాక రోడ్డు పక్కనున్న ఆ చిన్న ఇనుప ఫ్యాక్టరీకి కొండల మీంచి ఖనిజం, ఉత్తరాది నుంచి బొగ్గు లారీల్లో వస్తాయి. ప్రతి లారీ గేటు దగ్గరి కాటా ఎక్కి దిగాలి. ఎక్కినప్పుడూ దిగినప్పుడూ నాలుగు బొగ్గు ముక్కలు రాలతాయి. రాలినవి కోసివి. జీతం లేదు, కాగితం లేదు. తొమ్మిదేళ్లుగా అదే కట్టుబాటు. ఆమె పొద్దున్నే పళ్లెం ఊడుస్తుంది, ఊడ్చిన బొగ్గుతో రేకుల పంచన సగం డ్రమ్ముకు మట్టి మెత్తిన పొయ్యి రాజేసి, డ్రైవర్లకు టీ కాచి పోస్తుంది.

భూషణానికి యాభై ఏడేళ్లు. సన్నటి మనిషి. మధ్యాహ్నానికల్లా పాదాలు ఉబ్బుతాయి గనక చెప్పుల పట్టీలు ముందే వదులు చేసుకుని కూర్చుంటాడు. మూడో కాపీ మీదా అక్షరం పడాలని కలాన్ని నొక్కి నొక్కి రాసి, కుడిచేతి నడిమివేలు మీద చింతగింజంత కాయ కాసింది. బొటనవేలికి కార్బన్ కాగితం నీలం. కూతురి పెళ్లిలో పసుపు నీళ్లకు కూడా అది వదల్లేదని భార్య వెంకమ్మ ఇప్పటికీ అంటుంది. ఆమె కుంట పట్నం వైపు సొంతూళ్లో రెండెకరాల దగ్గరే ఉంటుంది. నెలాఖరుకు అతనే పోయివస్తాడు.

అతని తండ్రి అడవి చింతపండు సంతకు మోసేవాడు. ఇంటి దగ్గర బరువుగా ఉన్న గంప సావుకారు తక్కెడలో తేలికయ్యేది. ఆ బరువు దారిలో ఎక్కడో పడిపోయి ఉంటుందని, ఆరేళ్ల భూషణం తిరిగి వచ్చేటప్పుడు ఊరిదాకా నేల వెతుక్కుంటూ నడిచాడట. ఇంట్లో అదొక నవ్వులాట. అతను మాత్రం ముప్ఫయ్యొక్క ఏళ్లుగా కాటా దగ్గర కూర్చుని, ఎక్కిన బరువుకూ దిగిన బరువుకూ మధ్య తేడా ఎక్కడికి పోయిందో చూస్తూనే ఉన్నాడు. హిందీవాళ్లు లారీ కాటాను ధరమ్‌కాంటా అంటారు, ధర్మపు తక్కెడ అని. ఆ పేరు అతనికి ఇష్టం. డ్రైవర్లు అతన్ని కాంటా బాబు అంటారు. అదీ ఇష్టమే.

పదిన్నరకు చక్రధరరావు వచ్చాడు. ఫ్యాక్టరీలో కొత్తగా వేసిన పర్యావరణం ఆఫీసరు. కాకినాడవాడు, ముప్ఫై దాటలేదు. చేతిలో ఆ ఫారమే.

అది పోయిన వారం ఒకసారి వచ్చి వెనక్కి వెళ్లింది. బొగ్గు కాల్చే ప్రతి చోటూ పొగ లెక్క చెప్పాలని సర్కారు పంపిన ఫారం, అంతా హిందీ. తూకాలన్నీ కాటా బాబు పుస్తకంలోనే ఉంటాయి గనక పూరించి సంతకం పెట్టే పని అతని మీద పడింది. మొదటి గడిలోనే ‘కార్బన్ ఉత్సర్జన్, నెలకు’ అని ఉంది. కార్బన్ తెలుసు. ఉత్సర్జన్ అంటే విసర్జన లాంటిదే అయి ఉంటుందని అనుకున్నాడు. నెలకు ఎన్ని కార్బన్లు పారేస్తున్నారని అడుగుతున్నారు. అతను కార్బన్ కాగితాన్ని తిప్పి, తలకిందులు చేసి, అక్షరం మసకబారేదాకా వాడేవాడు. అందుకని గుండె మీద చెయ్యి వేసుకుని ‘రెండు. ఇంతకన్నా తగ్గించడం కుదరదు’ అని రాశాడు.

జగదల్‌పూర్ సర్కారు ఆఫీసులో దాన్ని బల్ల బల్లకూ తిప్పి చదువుకున్నారట. డ్రైవర్ సుక్రాం వారం నుంచి కాటా ఎక్కినప్పుడల్లా, నా బీడీ పొగ కూడా తూచి చీటీ ఇయ్యి కాంటా బాబూ అని అడుగుతున్నాడు.

చక్రధరరావు నవ్వలేదు. కుర్చీ లాక్కుని ఓపిగ్గా చెప్పాడు. ఈ కార్బన్ పొగలోది. కిలో బొగ్గు కాలిస్తే రెండు కిలోల పైచిలుకు గాలిలో కలుస్తుంది. ఆ లెక్కన ముందు ముందు పన్ను వేస్తారు. పన్ను పడితే పొగ తగ్గుతుందని ఆలోచన.

భూషణం కలం కింద పెట్టాడు.

“కిలో బొగ్గు సారూ. కాలిస్తే బూడిద కూడా మిగుల్తది. ఇంక రెండు కిలోలు ఏడికెళ్లి వచ్చింది?”

“మండేటప్పుడు గాలి వచ్చి కలుస్తుంది భూషణంగారూ. ఆ బరువు.”

భూషణం కిటికీలోంచి పొగగొట్టం వైపు చూశాడు. బూడిదరంగు తోక ఒకటి పడమటికి వాలి సాగుతోంది. రోజూ చూసేదే. దానికి బరువుంటుందని ఎప్పుడూ అనుకోలేదు. ముచ్చటేసింది.

“మరైతే గాలి బరువు గూడ మా లెక్కలోనే రాస్తరా?”

చక్రధరరావు ఫారం తనవైపు తిప్పుకుని ఆ గడి మళ్లీ చదివాడు. లెక్క తప్పు కాదనీ, ప్రశ్న కూడా తప్పు కాదనీ అతని మొహంలో కనిపించింది.

పన్ను ఎవరు కడతారని భూషణం అడిగాడు. కంపెనీ. కంపెనీ ఎక్కడినుంచి తెస్తుంది? ఇనుము ధరలో కలుపుతుంది. అయితే సంతలో గొడ్డలి కొనేవాడు కడతాడు, పొగగొట్టం ఇట్లాగే ఉంటుంది అన్నాడు భూషణం. ఎగతాళిగా అనలేదు. రెండు తూకాల మధ్య తేడా చెప్పినట్టు చెప్పాడు.

చక్రధరరావు ఏడో గడి మీద వేలు పెట్టాడు. ‘ఆవరణలో ఇతర పొయ్యిలు.’ గొంతు తగ్గించాడు. ఈ ఏడాది తగ్గింపు ఏదో ఒకటి చూపించాలి. ఇనుము తీసే పెద్ద భట్టీ ఆపలేరు. కాబట్టి ‘ఒకటి ఉండేది, తీసేశాం’ అని రాయాలి. రేపు పొద్దున మనుషులు వచ్చి కోసి పొయ్యి డ్రమ్ము ఎత్తుకుపోతారు. పైవాళ్ల మాట అది, తనది కాదు. నాలుగు గంటలకు జీపు జగదల్‌పూర్ పోతుంది, అప్పటికి ఫారం సిద్ధంగా ఉండాలి.

అతను వెళ్లాక ఆరు లారీలు ఎక్కి దిగాయి. భూషణం ఆరు చీటీలు రాశాడు. ఛాతీలో ఏదో బిగిసినట్టుంటే చొక్కా పై బొత్తాం తీసుకున్నాడు. ఏడో గడి ఖాళీగానే ఉంది.

మధ్యాహ్నం కోసి టీ తెచ్చినప్పుడు చెప్పాడు. ఆమె గ్లాసు కిటికీ అంచున పెట్టి పళ్లెం వైపు చూసింది.

“పొయ్యి పోతే నేను పోత. నేను పోతే నీ కాంటా ఎవలు ఊడుస్తరు?”

అతను ఆ సంగతి అంతదాకా ఆలోచించలేదు. ఊడవని కాటా అబద్ధం చెబుతుంది. టీ తాగలేదు. లేచి, రోజుకు ఎంత బొగ్గు కాలుస్తావని అడిగాడు. ఆమె తట్ట చూపించింది, నిండా లేదు. దాన్ని పళ్లెం నడుమ పెట్టి దిగమన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. తొమ్మిదేళ్లలో అతను తూచవద్దన్నదీ లేదు, ఊరికే తూచిందీ లేదు.

అంకెలు కదల్లేదు. సున్నా.

రేపటి బొగ్గు కూడా తెమ్మన్నాడు. మూలన పోగేసింది తెచ్చి తట్టలో పోసింది. సున్నా. అతను వంగి, కళ్లు చికిలించి, అంకెలకే టైము ఇచ్చినట్టు నిలబడ్డాడు. సున్నానే.

“ఈ కాటా ఇరవై ఇరవైగ లెక్కపెడ్తది కోసీ. ఇది దానికి ఆనుతలేదు. బరువు లేదని గాదు. ఉంటది. పన్ను ఏసేటంత బరువు గాదు.”

కోసి తట్ట ఎత్తుకుని నవ్వింది. “నన్ను నిలబెట్టు, నేనైన ఆనుత” అంది.

అతను కుర్చీలో కూర్చుని సొరుగు లాగాడు. వాడుతున్న కార్బన్ ఇంకా వారం వస్తుంది. దాన్ని పక్కన పెట్టి, అట్టపెట్టెలోంచి కొత్తది తీశాడు. నూనె వాసన వేస్తూ, ఒక్క గీత లేకుండా, నల్లటి నీలం. చీటీ పుస్తకంలో దాన్ని సరిచేసి, నొక్కి రాశాడు. సరుకు: కోసి పొయ్యి, రెండు రోజుల బొగ్గు. తూకం: సున్నా. సంతకం, కాటా ముద్ర. ఫారంలో ఏడో గడిలో ‘ఒకటి. ఉంది. తూచాం. తూకానికి రాలేదు. చీటీ జతచేశాం’ అని హిందీలో రాసి, అక్షరాలు ఒకసారి కూడబలుక్కుని చదువుకుని, కింద సంతకం పెట్టాడు.

మూడున్నరకు సుక్రాం లారీ పళ్లెం మీద ఆగి హారన్ కొట్టింది. రెండోసారి కొట్టింది. కాంటా బాబు ఎప్పుడూ రెండోసారి కొట్టనివ్వడు. సుక్రాం దిగి కిటికీ దగ్గరికి వచ్చి చూసి, కోసీ అని కేకేశాడు. కోసి పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. భూషణం గోడకు తల ఆనించి, పొగగొట్టం వైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నాడు. చెప్పుల పట్టీలు వదులుగా ఉన్నాయి. టీ మీద మీగడ కట్టింది.

జీపులో జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అప్పటికే ప్రాణం పోయిందని, దారిలో చేయగలిగింది కూడా ఏమీ లేదని డాక్టరు చెప్పాడు. అదే జీపులో ఫారం కూడా వెళ్లాలి. చక్రధరరావు ఆసుపత్రి వరండాలో ఏడో గడి రెండుసార్లు చదివాడు. మార్చి రాయడానికి కొత్త ఫారం బ్యాగులోనే ఉంది. కానీ తూకానికి సంతకం పెట్టవలసిన మనిషి లోపల పడుకుని ఉన్నాడు. అతను చీటీ అంచులు సరిచేసి, ఫారంతోపాటే కవరులో పెట్టి అంటించాడు.

డ్రమ్ము ఎత్తుకుపోవడానికి ఎవరూ రాలేదు. ఎన్నాళ్లు రారో కోసికి తెలియదు. ఆమె పొద్దున్నే పళ్లెం ఊడుస్తూనే ఉంది.

వెంకమ్మ పదోరోజు దాటాక వచ్చింది. అతని కళ్లద్దాలు, టిఫిను గిన్నె, చొక్కా జేబులోని రెండు కలాలు మూట కట్టుకుంది. కోసి పొయ్యి దగ్గర కూర్చుని టీ తాగి బస్సెక్కింది. కొత్తగా వచ్చినతను చీటీలు మిషన్ మీద కొడుతున్నాడు. పాత పుస్తకం సొరుగులోనే ఉండిపోయింది. అందులో చివరి చీటీ కింద ఆ కార్బన్ కాగితం ఉంది, ఒక్కసారే వాడింది. కిటికీ వెలుగుకు పట్టి చూస్తే మధ్యలో నొక్కి రాసిన గుండ్రటి సున్నాలోంచి ఎండ కనిపిస్తుంది.