రాతివిగ్రహాన్ని పట్టుకున్న చెయ్యి

దోహాలో చమురు డబ్బు పొంగుతున్న డెబ్బైల్లో, కంపెనీ స్టాఫ్ క్లబ్బువాళ్లు ఒక పాత ఇటాలియన్ ఒపేరా, అంటే ఆసాంతం పాడే నాటకం, వేయడానికి పూనుకున్నారు. అందులో ఊరూరా ఆడవాళ్లను వలలో వేసుకున్న ఒక రసికుడు, ఒక అమ్మాయి తండ్రిని చంపి, ఆయన సమాధి మీది రాతివిగ్రహాన్నే వేళాకోళంగా భోజనానికి పిలుస్తాడు. విగ్రహం నిజంగానే వస్తుంది. చెయ్యి పట్టుకుని, తప్పు ఒప్పుకుంటే వదిలేస్తానంటుంది. వాడు ఒప్పుకోడు, నరకానికి పోతాడు.

విగ్రహం వేషం కాకినాడ ఇంజనీరు శ్రీరామమూర్తిది. ఆయనది ఖంగుమనే గొంతు. రసికుడి వేషం నిజామాబాద్ నుంచి వచ్చిన డ్రాఫ్ట్స్‌మన్ ఫసీయుద్దీన్‌కి ఇచ్చారనగానే మూర్తి పెదవి విరిచాడు. ఎదుట ఆడమనిషి ఉంటే తలెత్తని మనిషాయె! అల్ రయ్యాన్‌లో పియానో టీచరు ఖదీజా ఇంట్లో రిహార్సల్స్ జరిగినన్నాళ్లూ ఫసీ ‘ఒప్పుకోను’ అన్న మాటను క్షమాపణ అడుగుతున్నట్టే పాడాడు. నాటకం మునిగినట్టేనని మూర్తి ఇంటికెళ్లి భార్యతో అన్నాడు.

ప్రదర్శన నాడు చివరి రంగంలో, ఒళ్లంతా తెల్లరంగు పూసుకున్న మూర్తి ఎత్తయిన పీఠం మీంచి వంగి చెయ్యి చాచాడు. ఫసీ కింద నిలబడి అందుకున్నాడు. అంతలో పీఠం వెనకకాలు ఫట్‌మని విరిగింది. మూర్తి వెనక్కి ఒరిగిపోయాడు. వెనకంతా ఇనుప గొట్టాలు.

ఫసీ రెండో చెయ్యీ వేసి, కాళ్లు తన్నిపెట్టి, ఆయన్ని తనవైపు లాగి పట్టుకున్నాడు.

“పాడుండ్రి సార్, నేను ఇడువ,” అన్నాడు మెల్లగా.

మూర్తి పాడాడు. ఒప్పుకోమన్నాడు. ఫసీ ఒప్పుకోనన్నాడు. మెడనరాలు ఉబ్బి, ముఖం కందిపోయి, ఒక్కోసారికి గొంతు ఇంకా పైకి లేచింది. జనం చావుతో పెనుగులాట అనుకుని ఊపిరి బిగబట్టారు. రసికుడు నరకంలోకని వేదిక మీది పొగగుంటలోకి పడాల్సిన ఘట్టం వచ్చింది. ఫసీ పడలేదు. సంగతి గ్రహించిన ఖదీజా అదే బాణీని మళ్లీ మళ్లీ వాయించింది. తెరవెనక వడ్రంగి జలంధర్ పీఠం కింద దుంగ దూర్చి, భుజం ఆన్చి, అయిందని కేకేశాడు. అప్పుడుగాని ఫసీ చెయ్యి వదిలి పొగలోకి దూకలేదు.

చప్పట్లు ఆగాక మూర్తి అతని వాచిన మణికట్టు పట్టుకుని, ఆ గొంతు ఎక్కణ్నుంచి వచ్చిందయ్యా అని అడిగాడు.

“మీరు ఒప్పుకో ఒప్పుకో అంటుండ్రి,” అన్నాడు ఫసీ, నేల చూపులు చూస్తూ. “ఒప్పుకుంటే చెయ్యి ఇడవాలె గద సార్.”

మర్నాటి ఆటకి అతను కుడిచేతికి కట్టుతోనే వచ్చి, ఎడమచెయ్యి అందించాడు. మూర్తి దాన్ని ఎంతో మర్యాదగా పట్టుకుని పాట ఎత్తుకున్నాడు.